బైపీసీ వాళ్ళకి లెక్కలు రావా? మందు డోసు గురించి కాసేపు

ఈ ఎపిసోడ్‌లో కోడింగ్ లేదు, ఫోన్ రివ్యూ లేదు. మా పిన్ని కూతురి గురించి చెప్తా. వాళ్ళది అవనిగడ్డ దగ్గర ఊరు. విజయవాడలో హాస్టల్లో ఉండి బీఎస్సీ నర్సింగ్ చదువుతోంది. ఆ మధ్య రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి ఒకటే ఏడుపు. "అన్నయ్యా, డోసు లెక్కల టెస్టులో ఇరవైకి ఆరొచ్చాయి. లెక్కలు రావనే కదా బైపీసీ తీసుకున్నా. ఇక మానేస్తా."

నేను బీటెక్ కదా, ఇదెంతలే అనుకుని ఫార్ములా చెప్పేశా. కావాల్సిన డోసుని మన దగ్గరున్న డోసుతో భాగించు, అది ఎన్ని ఎంఎల్‌లో ఉందో దానితో గుణించు. "ఆ ఫార్ములా నాకూ వచ్చు అన్నయ్యా. ఏది దగ్గరున్నది, ఏది కావాల్సింది, అక్కడే తికమక" అంది.

సరే అని, "బాబాయ్ పొలంలో మందు కొట్టేటప్పుడు ఎంత కలుపుతాడు?" అని అడిగా. "లీటరుకి 2 ఎంఎల్. ట్యాంకు 16 లీటర్లు కాబట్టి 32 పోస్తాడు." ఒక్క సెకను కూడా ఆలోచించలేదు! "మరి ఇదేంటి, లెక్క కాదా?" అన్నా. అటువైపు సైలెన్స్.

ఇప్పుడు అదే పద్ధతిలో పారాసిటమాల్ చూడండి. పిల్లలకి కిలో బరువుకి 15 మిల్లీగ్రాములు అనుకుందాం. 10 కిలోల బాబుకి 150. సిరప్ ఒకటి 5 ఎంఎల్‌లో 125 ఉంటుంది, ఇంకోటి 5 ఎంఎల్‌లో 250. మొదటిది ఎంఎల్‌కి 25, అంటే 6 ఎంఎల్ కావాలి. రెండోది ఎంఎల్‌కి 50, అంటే 3 చాలు. చంటిపిల్లల డ్రాప్స్‌లో అయితే ఒక్క ఎంఎల్‌లోనే 100 ఉంటుంది, ఒకటిన్నర సరిపోతుంది. సిరప్ అనుకుని డ్రాప్స్ 6 ఎంఎల్ పట్టించేస్తే? 600 మిల్లీగ్రాములు, నాలుగు రెట్లు. అందుకే ముందు ఒక్క ఎంఎల్‌లో ఎంతుందో రాసుకోమన్నా, బాబాయ్ లీటరు లెక్కలాగే. (ఇది చూసి ఇంట్లో పిల్లలకి మీరే డోసు వేసేయకండి, డాక్టర్‌ని అడగండి.)

సెలైన్ తొందరగానే పట్టేసింది. 500 ఎంఎల్, 4 గంటల్లో ఎక్కాలి. సెట్టు ప్యాకెట్ మీద ఎంఎల్‌కి 20 చుక్కలని ఉంది. మొత్తం 10,000 చుక్కలు, 240 నిమిషాలు. నిమిషానికి దాదాపు 42. మైక్రో సెట్టులో ఎంఎల్‌కి 60 చుక్కలు, గంటకీ 60 నిమిషాలే కాబట్టి రెండూ కొట్టుకుపోతాయి. గంటకి 30 ఎంఎల్ అంటే నిమిషానికి 30 చుక్కలు, అంతే.

నాకు నిజంగా భయం వేసింది ఇన్సులిన్ దగ్గర. మన దగ్గర సీసాల్లో దొరికేది ఎక్కువగా ఎంఎల్‌కి 40 యూనిట్లది, పెన్నుల్లో 100ది. సిరంజీలూ రెండు రకాలు. 40 దానికి ఎర్ర మూత, 100 దానికి నారింజ మూత. 100 యూనిట్ల ఇన్సులిన్‌ని ఎర్ర మూత సిరంజీలో 20 గీత దాకా లాగారనుకోండి. అది అర ఎంఎల్. లోపలికి వెళ్ళేది 20 కాదు, 50 యూనిట్లు! షుగర్ పడిపోయి మనిషి కోమాలోకి వెళ్ళొచ్చు. తారుమారైతే 8 యూనిట్లే వెళ్తాయి. భాగహారం ఎంత కరెక్టుగా చేసినా ఇక్కడ కాపాడదు.

మా ఫీల్డ్ వాళ్ళు గొప్పేం కాదు లెండి. 1999లో నాసా వాళ్ళ మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ పోయింది, ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్లలో లెక్కిస్తే ఇంకోటి న్యూటన్లు అనుకుంది. పోయింది యంత్రం. 2010లో సియాటిల్‌లో ఇరవై ఏళ్ళు దాటిన అనుభవమున్న నర్సు, అప్పటికే సీరియస్‌గా ఉన్న పసిబిడ్డకి 140 మిల్లీగ్రాముల కాల్షియం క్లోరైడ్ బదులు 1.4 గ్రాములు ఇచ్చింది. పది రెట్లు. కొన్ని రోజులకి ఆ బిడ్డ చనిపోయింది. అంత అనుభవం ఉన్నా తప్పలేదు. చార్టులో .5 అని కాకుండా 0.5 అనీ, 5.0 కాకుండా 5 అనీ రాయమనేది ఇందుకే. చుక్క కనపడకపోతే 5.0 కాస్తా 50 అయిపోతుంది.

నాకొకటే కోపం. ఖాళీ సీసా, సిరంజీ చేతికివ్వకుండా బోర్డు మీద ఫార్ములా రాసి టెస్టు పెడితే ఎవరికి అర్థమవుతుంది?

గురువారం తనకి రీటెస్ట్. నిన్న బస్టాండ్ దగ్గర కలిసి పది లెక్కలిచ్చా. తొమ్మిది కరెక్ట్. పదోదాంట్లో 0.25కి బదులు 2.5 ఎంఎల్ అని వేసింది. నేను నోరు తెరిచేలోపే, "ఇంత చిన్న బిడ్డకి రెండున్నర ఎంఎల్ ఇంజెక్షనా? ఉండన్నయ్యా, ఎక్కడో తప్పింది" అని తనే కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టింది.