కరవది నుండి శ్రీరంగమునకు



బాపులపాటి పెండ్లిపందిళ్ళలో సన్నాయి విననివారు మనలో లేరు. వాయించువానికి ఆ విద్య యెట్లబ్బినదో మాత్రము మనము విచారింపము.

షేక్ చినమౌలానా సాహేబు గారు 1924లో ఒంగోలు చెంతనున్న కరవదిలో, నాదస్వరమే వృత్తియైన యింట జన్మించిరి. తండ్రి కాసిం సాహేబు గారి వద్దను, పిదప చిలకలూరిపేట ఆదం సాహేబు గారి వద్దను నేర్చి పేరందిరి. అంతటితో తృప్తి నొందవచ్చును, వారు నొందలేదు. తంజావూరు బాణీపై మక్కువతో నాచ్చియార్‌కోయిల్ సోదరులు రాజం, దురైకణ్ణు గార్లకు మరల శిష్యులైరి. పేరు వచ్చిన పిమ్మట శిష్యుడగుట యెంత కష్టమో యీ సభలోని ఉపాధ్యాయులకు నేను చెప్పవలెనా?

తుదకు శ్రీరంగమున స్థిరపడి, రంగనాథునికి నాదస్వరార్చన చేసిరి. అచ్చటనే శారదా నాదస్వర సంగీతాశ్రమమును స్థాపించి పిల్లలకు నేర్పిరి. సంగీత కళానిధి బిరుదము 1998లో వచ్చినది. మరుసటి యేడే కీర్తిశేషులైరి. వారివద్ద నేర్చినవారిలో మనుమలు కాసిం, బాబు గార్లును కలరు.