హోటలు లెక్క – స్నేహధర్మము

నలుగురు మిత్రులు కలిసి హోటలులో భుజించిన పిమ్మట బిల్లు వచ్చు సమయము చిత్రమైనది. అంతవరకు సాగిన సంభాషణ ఒక్కసారి ఆగును. ఒకరు జేబులు తడవికొందురు. ఒకరు చేతులు కడుగుకొనుటకు పోయి ఆలస్యముగా వత్తురు. ఒకరు “నేనిస్తాను” అని లేతురు. మరియొకరు వారి చేయి పట్టుకొని కూర్చుండబెట్టుదురు. ఈ సందడిలో ఎవరు ఎంత తినిరో, ఎవరు ఎంత ఈయవలెనో చూచువారుండరు. చూచుట అమర్యాద యని మన భావము. ఇది చిన్న విషయమే. కాని ఈ చిన్న విషయమువలన మేమొక మిత్రుని రెండు వేసవులపాటు పోగొట్టుకొంటిమి. ఆ సంగతియు, దానిలోని లెక్కయు శ్రోతలకు మనవి చేయుదుము.

హనుమాన్ జంక్షన్ పేరు వినని ప్రయాణికులు కోస్తా జిల్లాలలో అరుదు. చెన్నై నుండి కోల్‌కతాకు పోవు జాతీయ రహదారిపై, విజయవాడకును ఏలూరునకును నడుమ ఉన్న కూడలి అది. అచ్చటనే ఒక దారి నూజివీడు వైపునకు, మరియొకటి గుడివాడ వైపునకు చీలును. కూడలిలోని ఆంజనేయస్వామి పేరే ఊరి పేరైనది. 2022లో జిల్లాలను విభజించినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలో చేరినది. జంక్షన్ కృష్ణా జిల్లాలోనే నిలిచినది. మనుష్యులు గీసిన ఆ హద్దు మామిడిపండ్లకు తెలియదు. వేసవి వచ్చెనన్న నూజివీడు తోటల రసములు, బంగినపల్లులు ఆ దారినే బయలుదేరును.

మేము ఐదుగురము బాల్యమిత్రులము. ఏటేట వేసవిలో ఒక శనివారమునాడు నూజివీడు తోటలకు పోయి, పండ్లు కలిపి కొని, పంచుకొని, తిరుగుదారిలో జంక్షన్‌లో భోజనము చేసి ఇండ్లు చేరుట మా ఆచారము. పండ్లు పంచుకొనుటలో మేము చాల నిక్కచ్చి. ఒకరు ఐదు కుప్పలు వేయవలెను, తక్కినవారు కోరుకొనవలెను, కుప్పలు వేసినవారు చిట్టచివర మిగిలినది తీసికొనవలెను. ఈ నియమము వలన కుప్పలు వేయువాడు కాయకు కాయ, పండుకు పండు తూచినట్లు సర్దును. మచ్చపడిన పండు ఒక కుప్పలో పడినచో దానికి జోడుగా మరియొక చిన్నపండు చేరును. తోటవాడు చివర వేసిన కొసరు సయితము లెక్కకు వచ్చును.

మూడు వేసవుల క్రిందట అట్లే పంచుకొని, చీకటిపడు వేళకు జంక్షన్ చేరి ఒక హోటలులో కూర్చుంటిమి. నలుగురము తృప్తిగా భోజనము చేసి, పైన ఐస్‌క్రీము తింటిమి. ఐదవ మిత్రునకు శనివారము రాత్రి ఫలాహారము. ఆయన ఒక ప్లేటు ఇడ్డెనలు తిని కాఫీ త్రాగెను. బిల్లు వచ్చినది. మాలో ఒకరు, “లెక్కలెందుకండీ, తలా ఒక వాటా వేసేసుకుందాం” అనిరి. అందరము సరే యంటిమి. ఆయనయు సరే యనెను. పండ్లకు పనికివచ్చిన న్యాయము పది నిమిషములలో మరచితిమి.

మరుసటి వేసవిలో పిలిచినప్పుడు ఆయన, “పని ఉంది, మీరు వెళ్లిరండి” అనెను. ఆ పై వేసవిలోను అదే మాట. వయసు వలన ప్రయాణమునకు ఓపిక లేదేమో అనుకొంటిమి. ఈ ఏడు ఉగాదికి వారి ఇంటికి పోయినప్పుడు మాటలలో ఆయన భార్య నవ్వుచునే, “మీతో వస్తే ఆయనకు సరదాయే అన్నయ్యగారూ. కాని తిరిగొచ్చాక నెలాఖరు దాకా కాఫీ మానేస్తారు” అనెను. ఆయన ఒక చిన్న సంస్థలో గుమాస్తాగా పనిచేసి విరమించినవాడు. పింఛను స్వల్పము. మాతో వెళ్లిన ప్రతి చోట మా తిండికి తన వంతు చెల్లించుచుండెను. అడుగుట ఆయనకు నామోషీ. అడుగకపోవుట మా పొరపాటు.

ఇంటికి వచ్చి ఆనాటి లెక్క మరల వేసి చూచితిమి. మా నలుగురి తిండి ఒక్కొక్కరికి 300 రూపాయల చొప్పున 1200. ఆయన ఇడ్డెనలకు 60, కాఫీకి 40, వెరసి 100. మొత్తము 1300. దీనిపై నూటికి ఐదు వంతున జి.ఎస్.టి. 65 రూపాయలు. బిల్లు 1365. ఐదుగురికి సమముగా పంచిన తలకు 273. కాని తిన్న దానినిబట్టి చూచిన, ఆయన ఈయవలసినది పన్నుతో కూడ 105 రూపాయలే. మేము ఈయవలసినది ఒక్కొక్కరము 315. అనగా ఆయన 168 రూపాయలు ఎక్కువ ఇచ్చెను. మాకు ఒక్కొక్కరికి మిగిలినది 42 రూపాయలు. ఆ 42 రూపాయలు మిగిలినట్లు మాకు తెలియనైన తెలియదు. ఆయనకు మాత్రము 168 పోయినట్లు తెలిసినది.

తిన్న దానినిబట్టి పంచుట కష్టమని కొందరందురు. ఇందులో కష్టము లేదు. ఎవరు తిన్న పదార్థముల వెల వారు కూడుకొని, దానికి నూటికి ఐదు కలుపుకొనిన చాలును. నూటికి ఐదు కట్టుటకు సులభమార్గము గలదు. పదవ వంతు తీసి దానిని సగము చేయవలెను. 300లో పదవ వంతు 30. అందు సగము 15. అందరును కలిసి తిన్న కూర, వేపుడు ఉన్నచో దాని వెల ముట్టినవారి మధ్యనే పంచవలెను.

పన్ను సంగతి కొంచెము వివరింపవలసి యున్నది. సాధారణమైన హోటళ్లలో 2017 నవంబరు 15 నుండి ఈ పన్ను నూటికి ఐదు. బిల్లుమీద అది కేంద్రమునకు రెండున్నర, రాష్ట్రమునకు రెండున్నరగా రెండు పంక్తులలో కనబడును. పన్ను వసూలు చేయు అర్హత లేని చిన్న హోటళ్ల బిల్లులో ఈ పంక్తులు ఉండరాదు. ఇక ‘సర్వీసు ఛార్జి’ అను వేరొక పంక్తి కొన్ని చోట్ల కనబడుచుండును. అది పన్ను కాదు. దానిని హోటలువారు తమంతట తాము బిల్లులో చేర్చరాదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022 జులై 4న మార్గదర్శకములు జారీ చేసినది. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు వానిని సమర్థించినది. అట్టి పంక్తి కనబడిన, తీసివేయుమని మర్యాదగా అడుగవచ్చును. వినకున్న 1915 అను జాతీయ వినియోగదారుల సహాయ నెంబరుకు ఫోను చేయవచ్చును.

సర్వరుకు మనము సంతోషముతో ఇచ్చునది వేరు. దానిని కొందరు బక్షీసందురు, కొందరు టిప్పందురు. తోటలో అమ్మువాడు కొనువానికి కొసరు వేయును. హోటలులో తిన్నవాడు వడ్డించినవానికి కొసరు వేయును. అసలు కంటె కొసరు ముద్దు గదా! దీనికి మన దేశములో నిర్ణీతమైన రేటు లేదు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు రాకముందు రూపాయికి పదునారణాలు. ఆ లెక్క ఎరిగినవారు రూపాయికి అణా అనుకొనిన నూటికి ఆరుంబావు వచ్చును. నూటికి ఐదు మొదలు పది వరకు ఇచ్చిన సముచితమని మా అభిప్రాయము. దానిని పన్ను చేరకముందున్న మొత్తముపైననే కట్టవలెను. మా 1300 రూపాయలకు ఐదు చొప్పున 65, పది చొప్పున 130. నడుమ నూరు రూపాయలు చక్కగా కుదురును. ఫోనుతో చెల్లించిన సొమ్ము యజమాని ఖాతాకు పోవును గనుక, సర్వరుకు ఈయదలచినది సర్వరు చేతికే ఇచ్చుట మేలు.

అమెరికాలోని పిల్లలను చూడబోయిన మన పెద్దలు అక్కడి హోటళ్లలో నూటికి పదునైదు, ఇరువది చొప్పున టిప్పు ఇచ్చుట చూచి గుండెలు బాదుకొందురు. అందుకు కారణమున్నది. అక్కడి కేంద్ర చట్టము ప్రకారము సామాన్య కనీస వేతనము గంటకు 7.25 డాలర్లు కాగా, టిప్పులు వచ్చు పనివారికి యజమాని 2.13 డాలర్లు మాత్రమే ఇచ్చి, తక్కినది టిప్పులతో పూరింపనీయవచ్చును. టిప్పులు చాలనిచో ఆ లోటు యజమాని భరింపవలెను. ఎక్కువ ఇచ్చు రాష్ట్రములు లేకపోలేదు. ఏమైనను అక్కడ టిప్పు జీతములో భాగము. జపానులో టిప్పు ఇచ్చు ఆచారమే లేదు. దేశమునుబట్టి కొసరు.

సమముగా పంచుటలో మరియొక చిక్కు గలదు. ఇజ్రాయెల్ దేశమున కొందరు ఆర్థికశాస్త్రజ్ఞులు భోజనశాలలో పరీక్ష చేసి 2004లో ప్రకటించిరి. బిల్లు సమముగా పంచుకొనవలెనని ముందుగా తెలిసినవారు, ఎవరి బిల్లు వారే చెల్లించువారికంటె ఎక్కువ ఖర్చు చేసిరి. ఏ పద్ధతి ఇష్టమని అడుగగా ఎక్కువమంది ఎవరిది వారే చెల్లించుట మేలనిరి. అనగా లోపల అందరి కోరిక ఒకటే. పైకి అనుటకే మొగమాటము. ఆ మొగమాటమును తీర్చవలసినవాడు ఎక్కువ తిన్నవాడు, లేదా ఎక్కువ కలిగినవాడు. తక్కువ తిన్నవాడు నోరు విప్పువరకు వేచియుండరాదు.

అందుచేత ఈ వేసవిలో మేమొక నియమము చేసికొని ఆయనను మరల పిలిచితిమి. తిన్న దానికి ఎవరి లెక్క వారిది. కలిసి కూర్చున్నందుకు టిప్పు తలకు సమానము. ఈ మాట హోటలులో బిల్లు వచ్చిన తరువాత గాక, కారు ఎక్కకముందే చెప్పితిమి. ఆయన ఒక్క క్షణము మా వంక చూచి, చేతిసంచి తీసికొని వచ్చెను.

తోటలో కుప్పలు ఆయనయే వేసెను. జంక్షన్‌లో అదే హోటలు, అదే శనివారము. ఆయన ఇడ్డెనలు తిని కాఫీ త్రాగెను. మేము లేవబోవుచుండగా సర్వరును పిలిచి, “ఇంకో కాఫీ తీసుకురా బాబూ, నా లెక్కలో వెయ్యి” అనెను. ఆనాడు ఆయన వంతు 140, పన్ను 7, టిప్పు 20. వెరసి 167 రూపాయలు. ఆ కాఫీ పూర్తి యగువరకు మేమెవ్వరము లేవలేదు.