రాత్రి దారిలో పిల్లల కాపలా

సత్యవేడునుండి చెన్నపట్నం పోవటానికి రెండు గంటలు చాలును. తెల్లవారి ఫలహారంచేసి బయలుదేరినవారు పని చక్కబెట్టుకుని దీపాలవేళకు ఇల్లు చేరగలరు. అదే, మన రాష్ట్రానికి ఉత్తరపు కొసనున్న శ్రీకాకుళం పోవాలంటే ఎనిమిదివందల కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. ఈ చిత్రానికి కారణం చరిత్రలో ఉన్నది. 1960వ సంవత్సరం ఏప్రిల్ 1వ తేదీని, పటాస్కర్ గారి సిఫారసుల ననుసరించి ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల సరిహద్దులు సవరించినప్పుడు తిరుత్తణి అటు పోయినది. చెంగల్పట్టు జిల్లాలోని సత్యవేడు ప్రాంతం ఇటు వచ్చినది. అప్పుడు చిత్తూరు జిల్లాలో చేరిన ఈ మండలం 2022లో తిరుపతి జిల్లా పాలయినది. పటంమీద గీతలు ఇట్లా మారుతూ వచ్చినవి. చుట్టరికాలు మాత్రం గీతల నడిగి ఏర్పడవు గదా! మా శ్రీమతి పుట్టినిల్లు శ్రీకాకుళం. అందువల్ల ఈ కొసనుండి ఆ కొసకు ఏటా ఒకమారైనా మా కుటుంబానికి ప్రయాణం తప్పదు.

పిల్లలు చిన్నవారుగా ఉన్నప్పుడు రైలులోనే పోయేవారము. ఇప్పుడు పెద్దమ్మాయికి పదహారేళ్లు, అబ్బాయికి పదమూడు. సొంత కారు వచ్చినది. క్రిందటేడు వేసవిలో మరదలి పెళ్లి కుదిరినప్పుడు, ఆఫీసులో సెలవు చాలలేదు గనుక, రాత్రికి రాత్రి ప్రయాణంచేస్తే ఒక పగలు కలిసివస్తుందని లెక్కవేశాము. రాత్రిపూట ఎండ ఉండదు, రద్దీ తక్కువ, పిల్లలు నిద్రపోతారు — రాత్రి ప్రయాణాన్ని మెచ్చుకునేవారందరూ చెప్పే మూడు కారణాలనే మేమూ చెప్పుకున్నాము. ఆ మూడూ నిజమే. నాలుగవ సంగతి ఒకటి ఉన్నదని ఆ రాత్రి తెలిసినది.

మా తాతగారికి జోడెడ్ల బండి ఉండేది. నాగలాపురం, ఊత్తుకోట సంతలకు రాత్రివేళ సరుకు వేసుకుని పోయేవారట. ఇరుసుకు లాంతరు కట్టి, ఊరి పొలిమేర దాటగానే పగ్గాలు వదిలి గడ్డిమీద వెనుకకు వాలేవారట. కోడికూసే వేళకు బండి సంతలో ఉండేది. ఎడ్లకు దారి తెలుసు. ఎదురుగా మరొక బండి వస్తే అవే ప్రక్కకు తొలగేవి. చిన్నతనంలో ఈ కథ వినీ వినీ, రాత్రి ప్రయాణమంటే హాయిగా సాగేదని మా మనస్సులో ఎక్కడో నాటుకున్నది. తాతగారు నిద్రపోయినప్పుడు ఎడ్లు మేలుకొని ఉండేవన్న ముఖ్య విషయాన్ని మేము గుర్తించలేదు. కారుకు ఎడ్లు లేవు.

రాత్రి పది గంటలకు సత్యవేడులో బయలుదేరి, తడవద్ద పదహారవ నెంబరు జాతీయ రహదారి నందుకున్నాము. ఏర్పాటు ప్రకారం మొదటి వంతు మా శ్రీమతిది. ఆమె నెల్లూరుదాకా నడపాలి. ఆ రెండు గంటలూ మేము నిద్రపోవాలి. ఆమె తన పని చక్కగా చేసినది. మేము మా పని చేయలేదు. ప్రక్క సీటులో కూర్చుని, లారీ వస్తున్నదనీ, కొంచెం ఎడమకు రమ్మనీ సలహాలిస్తూ నాయుడుపేట దాటాము, గూడూరు దాటాము. ఆనాడు ఉదయం ఆరింటికే లేచి, సాయంత్రందాకా ఆఫీసులో పనిచేసిన సంగతి మాకు జ్ఞాపకం రాలేదు. నెల్లూరులో టీ త్రాగి స్టీరింగు చేతబట్టేసరికి మేము నిద్రలేచి పద్దెనిమిది గంటలు దాటినది.

నిద్రలేమి విషయమై శాస్త్రజ్ఞులు చేసిన పరిశోధనలను ఇక్కడ మనవిచేయవలసి ఉన్నది. ఆస్ట్రేలియాలో డాసన్, రీడ్ అనే ఇద్దరు పరిశోధకులు 1997లో ఒక సంగతిని ప్రకటించారు. పదిహేడు గంటలు ఎడతెగకుండా మేలుకొన్న మనిషి చేతివాటం, చురుకుదనం, నూరు మిల్లీలీటర్ల రక్తంలో ఏబది మిల్లీగ్రాముల సారాయి ఉన్న మనిషి స్థితికి దిగజారుతాయట. మన దేశపు మోటారు వాహనాల చట్టం అనుమతించే హద్దు ముప్పది మిల్లీగ్రాములు మాత్రమే. సారాయి ముట్టని పెద్దమనిషి కూడ, నిద్ర చాలించుకుని స్టీరింగువద్ద కూర్చుంటే, త్రాగి బండి నడిపేవానికంటె మేలైనవాడు కాడన్నమాట. దీనికి తోడు మన దేహంలో ఒక గడియారం ఉన్నది. దాని లెక్కలో రాత్రి రెండు గంటలనుండి తెల్లవారుజాము ఆరు గంటలవరకు మెలకువ మిక్కిలి సన్నగిల్లే కాలం. ఎంత అలవాటుపడినవారికైనా ఆ వేళ కనురెప్ప బరువెక్కుతుంది.

ఆ వేళకే మేము ఒంగోలు దాటాము. శ్రీమతి వెనుకసీటులో నిద్రపోతున్నది. అబ్బాయి అంతకుముందే నిద్రపోయినాడు. అమ్మాయి ముందుకు వచ్చి మా ప్రక్కన కూర్చుని, సెల్‌ఫోనులో దారిపటం చూస్తూ ఉన్నది. కొంతసేపు మాటలాడినది. తరువాత మేము బదులు చెప్పటం మానినట్లున్నాము.

“నాన్నా, గుండ్లకమ్మ వంతెన ఎప్పుడు దాటినాం?” అని అడిగినది.

“ఇంకా రాలేదు గదమ్మా” అన్నాము.

“దాటి పది నిమిషాలయింది. బండి ఆపు నాన్నా.”

మేము మేలుకొనే ఉన్నామనీ, చీకటిలో గమనించలేదనీ చెప్పాము. ఆ పిల్ల గొంతు పెంచలేదు. “తెల్లగీత మీదికి రెండుసార్లు పోయినావు. నాకు భయంగా ఉంది. ఆపు” అన్నది.

కన్నబిడ్డ నోట భయమన్న మాట వినడం ఏ తండ్రికైనా కష్టమే. అంతకంటె కష్టమైన సంగతి ఏమంటే, ఆ మాట విన్న క్షణంలో మాకు కలిగినది సిగ్గు కాదు, కోపం. ఇరవైయేళ్లుగా బండి నడుపుతున్న మాకు నిన్నటి పిల్ల చెప్పటమా అని. మరి రెండు నిమిషాలు అట్లాగే పోనిచ్చాము. ఆ రెండు నిమిషాలను ఈనాటికీ మేము క్షమించుకోలేకున్నాము. ఆ తరువాత దీపాలు వెలుగుతున్న పెట్రోలు బంకు ఒకటి కనబడితే బండి లోపలికి త్రిప్పాము.

నిద్ర ఒక్కసారిగా ముంచుకురాదు. మొదట రెండు మూడు సెకండ్లపాటు మనస్సు ఆరిపోయి మళ్లీ వెలుగుతుంది. కన్నులు తెరచి ఉండగానే ఇది జరుగవచ్చును. జరిగినట్లు నడిపేవానికి తెలియదు. గంటకు ఎనభై కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకండుకు ఇరవైరెండు మీటర్లు పోతుంది. మూడు సెకండ్లలో అరవైయారు మీటర్లు. మా తాతగారి ఎడ్లు ఒక నిమిషంలో నడిచే దూరమది. ఆ దూరమంతా మా కారు నడిపేవాడు లేకుండా పోయినదన్నమాట. వరుస ఆవులింతలు, ఇందాక దాటిన ఊరు గుర్తులేకపోవటం, బండి గీతదాటి అటూ ఇటూ జరగటం — ఇవి ముందు గుర్తులు. ఇవి నడిపేవానికంటె ప్రక్కన ఉన్నవారికే బాగా తెలుస్తవి. లారీలలో క్లీనరు మేలుకొని కబుర్లు చెబుతూ కూర్చోవటంలోని మర్మం ఇదే. ఆ ఉద్యోగాన్ని మేము ఏనాడూ గౌరవంతో చూడలేదు. ఆ రాత్రి మా అమ్మాయి చేసినది ఆ ఉద్యోగమే.

నిద్ర పోగొట్టటానికి అందరూ చెప్పే చిట్కాలు కొన్ని ఉన్నవి. అద్దాలు దించి చల్లగాలి తగలనివ్వటం ఒకటి, రేడియో గట్టిగా పెట్టటం మరొకటి. వీటివల్ల కలిగే మెలకువ కొద్ది నిమిషాలదేనని పరీక్షలలో తేలినది. రేడియోలో ఉద్యోగం చేస్తూ ఈ మాట చెప్పటం మా నోటిదగ్గరి కూటిని మేమే కాలదన్నుకోవటమే అయినా, నిజం దాచరాదు. తెల్లవారుజామున మన రాష్ట్రంలోనూ పొరుగు రాష్ట్రాలలోనూ పోలీసువారు వాహనాలను ఆపి డ్రైవర్లచేత ముఖం కడిగించటం కద్దు. అది మంచి పనే. ఆగటమే అందులో అసలు మేలు. నిద్రకు మందు మాత్రం నిద్ర ఒక్కటే. క్షేమమైన చోట బండి నిలిపి, ఒక కప్పు కాఫీ త్రాగి, వెంటనే పదిహేను ఇరవై నిమిషాలు కన్ను మూయాలి. కాఫీ గుణం ఒంటబట్టటానికి సుమారు అరగంట పడుతుంది గనుక, లేచేసరికి రెండూ కలిసి పనిచేస్తవి. లేచిన వెంటనే స్టీరింగు పట్టక, కొంతసేపు అటూ ఇటూ నడవాలి. ఇదికూడ ఒక గంటా రెండు గంటలకు ఆసరాయే గాని, పోయిన రాత్రికి బదులు కాదు.

ఆ బంకులో మేము సీటు వెనుకకు వాల్చి పడుకున్నాము. ఇరవై నిమిషాలనుకున్నది రెండు గంటలయినది. లేచి చూస్తే తూర్పు తెల్లబడుతున్నది. శ్రీమతి, పిల్లలు ప్రక్కన టీ త్రాగుతున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. అక్కడనుండి చిలకలూరిపేటమీదుగా విజయవాడకు ఆమెయే నడిపినది.

బాడుగబండ్లు, బస్సులు నడిపే శ్రామికులకోసం 1961లో పార్లమెంటు ఒక చట్టంచేసినది. రోజుకు ఎనిమిది గంటలకు మించి పని ఉండరాదనీ, అయిదు గంటల పనికి అరగంట విశ్రాంతి ఉండాలనీ అందులో ఉండేది. సొంత కారులో సొంత బిడ్డలను కూర్చోబెట్టుకుని పోయే తండ్రికి అటువంటి చట్టమేదీ లేదు. అతడే యజమాని, అతడే కూలివాడు. కనుక ఆ చట్టాన్ని ఇంటిలోనే చేసుకోవలసి ఉన్నది. మేము చేసుకున్న నియమాలు నాలుగు. రాత్రి నడపవలసినవారు ఆ మధ్యాహ్నం తప్పక నిద్రపోవాలి. రెండు గంటల కొకమారు బండి ఆగాలి. నిద్రపోయేవారుకూడ నడుముపట్టీ పెట్టుకునే నిద్రపోవాలి. వెనుకసీటులో పడుకోబెట్టిన బిడ్డను ఆపత్సమయంలో ఏదీ పట్టి ఆపలేదు. నాలుగవది పిల్లలకు సంబంధించినది. ముందుసీటులో కూర్చున్నవారు నిద్రపోరాదు. వారు “ఆపు” అంటే వాదన లేదు, ఆపవలసినదే.

ఈ నాలుగవ నియమమే పెద్దవారికి కష్టం. పదహారేళ్ల పిల్లకు పెళ్లిలో పందిరి అలంకరించే పని ఇస్తాము, చుట్టాలకు వడ్డించే పని ఇస్తాము. మనలను ఆపే అధికారం ఇవ్వము. ఎదిగిన పిల్లలతో చేసే ప్రయాణానికీ పసివారితో చేసే ప్రయాణానికీ భేదం ఇక్కడే ఉన్నది. పసివారు మన కాపలాలో ఉంటారు. ఎదిగినవారు మనకు కాపలా ఉండగలరు, మనం ఉండనిస్తే.

పెళ్లి సలక్షణంగా జరిగినది. తిరుగుప్రయాణంలో సెలవు మరొక రోజు పొడిగించుకుని, పగటిపూటనే బయలుదేరి, రాత్రికి విజయవాడలో బసచేశాము. పోయేటప్పుడు చీకటిలో కలిసిపోయిన ఏరులన్నీ ఈసారి పిల్లలకు కనబడినవి. గుండ్లకమ్మ వచ్చినప్పుడు మా అమ్మాయి మావంక చూసినది. “ఇదిగో, గుండ్లకమ్మ” అని మేమే ముందుగా అన్నాము.