తీరము వెంట దక్షిణముఖముగా

శరదృతువు అనగానే మనకు తేటపడిన చెరువులు, పిండి ఆరబోసినట్లున్న వెన్నెల, దసరా సెలవులు జ్ఞప్తికి వచ్చును. అమెరికా తూర్పు తీరమున ఈ ఋతువే పడవలకు ప్రయాణకాలము. ఆకులు ఎర్రబడి రాలనారంభించగానే, చలి ముదురక మునుపే ఫ్లారిడా చేరవలెనని వందలకొలది చిన్న పడవలు దక్షిణముఖముగా బయలుదేరును. వానిలో పోవువారు చాలమంది ఉద్యోగవిరమణ చేసిన దంపతులు. వెచ్చని తావులకు వలసపోవు పక్షులతో పోల్చి అచటివారు వీరిని ‘మంచుపిట్టలు’ అని పిలుచుదురు.

ఈ పడవలు చాలవరకు సముద్రము మీద పోవు. తీరమునకు కొంచెము లోపలగా, ఇసుకదిబ్బల చాటున, నదులను, ఉప్పుటేరులను, విశాలమైన కయ్యలను కాలువలతో కలిపి ఏర్పరచిన జలమార్గమొకటి అచట కలదు. వర్జీనియా రాష్ట్రములోని నార్ఫోక్ రేవు దీనికి సున్న మైలు. అక్కడినుండి మయామీ నగరము సుమారు 1,090 మైళ్లు, అనగా ఇంచుమించు 1,750 కిలోమీటర్లు. వెలుపలి సముద్రమున, ముఖ్యముగా హాటరస్ అగ్రము వద్ద, మునిగిపోయిన ఓడలు అనేకము. అందుచేతనే లోపలి కాలువలు త్రవ్వవలెనని ఆ దేశపు ఆర్థికమంత్రి ఆల్బర్ట్ గాలటిన్ 1808 లోనే నివేదిక సమర్పించినాడు. 1942 లో జర్మను జలాంతర్గాములు తీరపుటోడలను వరుసగా ముంచివేయుచున్నపుడు ఈ చాటుదారి విలువ అందరికిని తెలిసివచ్చినది.

కొన్ని సంవత్సరముల క్రిందట, ఒక అక్టోబరు చివర, ఈ దారిలో కొంతదూరము ప్రయాణించు అవకాశము మాకు లభించినది. మా బాల్యమిత్రులొకరు ఆ దేశమున ఇంజనీరుగా పనిచేసి, ఒక మోటారు పడవను సంపాదించుకొన్నారు. ఆ దంపతులతో కలిసి నార్ఫోక్ నుండి ఉత్తర కరొలీనాలోని బోఫర్ట్ వరకు 204 మైళ్లు పోయినాము. గంటకు ఏడెనిమిది మైళ్ల వేగము. ఆరు దినముల ప్రయాణము. జూను మొదలు నవంబరు కడవరకు అచట తుపానుల కాలము. తొందరపడి దక్షిణమునకు పోయిన తుపాను భయము. ఆలస్యము చేసిన చలి భయము. ఈ రెంటి నడుమ ఉన్న కొద్ది వారములే వారికి అనువైన కాలము.

నార్ఫోక్ దాటిన పిదప మార్గము రెండుగా చీలును. వెడల్పయిన కాలువలో సరకు పడవలు పోవును. మేము రెండవదానిని, డిస్మల్ స్వాంప్ కాలువను ఎంచుకొన్నాము. ఆ పేరునకు ‘దిగులు చిత్తడి’ అని అర్థము. డీప్ క్రీక్ వద్ద లాకులో ప్రవేశించినాము. లాకు సంగతి మన డెల్టావారికి వేరుగా చెప్పనక్కరలేదు. వెనుక తలుపులు మూసి నీరు వదలగా పడవ సుమారు ఎనిమిది అడుగులు పైకి లేచినది. మిత్రుల భార్య త్రాడు పట్టుకొని నిలిచి, “అన్నయ్యగారూ, ధవళేశ్వరం లాకులు గుర్తుకొస్తున్నాయా?” అని నవ్వినారు.

లాకు దాటినచో ఇరువదిరెండు మైళ్ల కాలువ. నీరు చిక్కని తేయాకు కషాయము రంగు. అది బురద కాదు. చెట్ల బెరడునుండి, ఆకులనుండి ఊరిన వగరు. ఆ నీరు త్వరగా చెడదని పూర్వము నావికులు పీపాలలో నింపుకొని పోయెడివారట. గీత గీచినట్లు తిన్నని గట్లు. రెండువైపుల నుండి వంగిన కొమ్మలు. నీటిమీద తేలుచున్న ఎర్రని ఆకులు. మేము తనివితీర చూచుచు, “ఎంత హాయిగా ఉంది!” అన్నాము. మిత్రులు కొంతసేపు మాటలాడలేదు. పిదప, “ఇది ఎవరు తవ్వారో తెలుసా?” అని అడిగినారు.

ఈ కాలువను 1793 లో త్రవ్వనారంభించి 1805 లో పడవలకు తెరచినారు. త్రవ్వినవారు నీగ్రో బానిసలని ఆనాటి వ్రాతలు పిలిచిన ఆఫ్రికా సంతతివారు. యజమానులు వారిని కూలిపనికి పంపి, ఆ కూలిని తాము పుచ్చుకొన్నారు. నడుములోతు బురదలో నిలిచి చెట్ల వేళ్లు నరుకుచు, మన్ను ఎత్తిపోయుచు వారు ఈ గట్లు వేసినారు. కాలువమీద సరకు పడవలు నడిపిన బానిసలలో మోజెస్ గ్రాండీ అనునతడు ఒకడు. అతడు పైసపైస కూడబెట్టి తన స్వేచ్ఛను తానే కొనుక్కొన్నాడు. సొమ్ము పుచ్చుకొని మాట తప్పినవారు ఇద్దరు. మూడవమారు చెల్లించిన తరువాతనే అతనికి విముక్తి కలిగినది. అతని జీవితకథ 1843 లో లండనులో అచ్చయినది. పారిపోయిన బానిసలు అనేకులు ఈ చిత్తడిలోనే ఏండ్ల తరబడి దాగి బ్రతికినారు. ఈ సంగతులు విన్న తరువాత ఆ గట్ల తిన్నదనము మాకు మునుపటివలె కనిపించలేదు.

ఎలిజబెత్ నగరమున ఒకదినము ఆగవలసివచ్చినది. దాని దిగువనున్న ఆల్బమార్ల్ కయ్య విశాలమైనది. కాని లోతు తక్కువ. గాలి లేచిన అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెంట ఒకటి వచ్చి పడవను కుదిపివేయును. ఎండ బాగుగానే ఉన్నదే, పోవుదమని మేము తొందరపెట్టినాము. “పంచాంగం చూడకపోయినా ఫరవాలేదు గాని, గాలిని చూడకుండా పడవ విప్పను” అన్నారు మిత్రులు. మరునాడు తెల్లవారగా నీరు అద్దమువలె ఉన్నది. ఆ కయ్యను దాటి, అలిగేటర్ నదిలో ప్రవేశించి, మరియొక పొడవైన కాలువగుండ పంగో నదిని చేరినాము. దారి పొడుగున నీటిలో పాతిన గుర్తుస్తంభములు కలవు. దక్షిణమునకు పోవువారు ఎర్ర త్రిభుజములను కుడివైపునను, ఆకుపచ్చ చదరములను ఎడమవైపునను ఉంచుకొనవలెను. అనేక స్తంభములపై చేపలు పట్టు డేగల గూళ్లు ఖాళీగా ఉన్నవి. ఆ పక్షులు మాకంటె ముందే దక్షిణమునకు పోయినవి.

కడపటి దినమున మిత్రులు చుక్కానిని మా చేతికిచ్చినారు. న్యూస్ నదిని దాటి ఆడమ్స్ క్రీక్ అను పాయలో పోవుచుండగా, డాల్ఫినులు రెండు పడవ ప్రక్కన లేచినవి. వానిని చూచు సంబరములో మేము ఒక ఆకుపచ్చ గుర్తును తప్పు ప్రక్కన విడిచినాము. లోతు చూపు యంత్రము చప్పుడు చేసినది. అంతలోనే పడవ ఇసుకమేటను ఒరసి నిలిచినది. మిత్రులు ఏమియు అనక, ఇంజనును వెనుకకు త్రిప్పి, పావుగంటలో దానిని బయటకు తీసినారు. మాకు మాత్రము సిగ్గు తీరలేదు.

“తప్పు మీ ఒక్కరిదే కాదు,” అన్నారు ఆయన. “కాగితం మీద ఈ దారి లోతు పన్నెండడుగులు. మొగలున్న చోటల్లా పోటుపాట్లు ఇసుక తెచ్చి పోస్తూనే ఉంటాయి. ఎప్పటికప్పుడు తియ్యకపోతే నాలుగేళ్లలో దారి ఉండదు.” పూడిక తీయించు బాధ్యత అచటి సైనిక ఇంజనీర్ల శాఖది. కాని నిధులు కేటాయించునపుడు ప్రధానముగ చూచునది ఎన్ని టన్నుల సరకు సాగినదను లెక్క. విహారపు పడవలు ఎన్ని తిరిగినను ఆ లెక్కలోనికి రావు. అంతటి సంపన్న దేశమునందును ఈ దారి నిలుచునో పూడునో అను చింత పడవలవారిని వీడలేదు.

ఆ రాత్రి బోఫర్ట్ వద్ద లంగరు వేసినాము. మాటలు మన తీరమునకు మరలినవి. మిత్రుల తాతగారు నెల్లూరు సీమలో బకింగ్‌హామ్ కాలువ మీద ఉప్పు పడవలు నడిపినవారు. ఆ కాలువయు ఇటువంటి చాటుదారియే. 1806 లో మద్రాసు నుండి ఎన్నూరు వైపు ఆరంభమై, అంచెలంచెలుగా ఉత్తరమునకు పెరిగి, పెదగంజాము వద్ద కృష్ణా కాలువలతో కలిసినది. మార్గము పూర్తియైన పిదప కాకినాడలో ఎక్కిన సరకు మద్రాసులో దిగెడిది. ధాన్యము, ఉప్పు, వంటచెరకు దానిమీదనే సాగినవి. మద్రాసు నగరములో కూవము, అడయారు నదుల నడుమ ఎనిమిది కిలోమీటర్ల భాగమును 1877–78 లో త్రవ్వించినారు. అది గొప్ప కరువుకాలము. తిండి లేక వచ్చినవారిచేత కరువుపనిగా ఆ మన్ను ఎత్తించి, కాలువకు గవర్నరుగారి పేరు పెట్టినారు.

1965–66 లోను, 1976 లోను వచ్చిన తుపానులు ఆ కాలువను దెబ్బతీసినవి. అప్పటికే సరకు రైళ్లకు, లారీలకు మరలినది. పడవలు తగ్గినకొలది పూడిక పెరిగినది. పూడిక పెరిగినకొలది పడవలు నిలిచినవి. అయినను 2004 డిసెంబరు 26 న సునామీ వచ్చినపుడు, అదే కాలువ ఉప్పొంగిన నీటిని కొంత తనలో ఇముడ్చుకొని వెనుకనున్న పల్లెలను కాపాడినది. 2008 లో ఈ కాలువలతో కూడిన మార్గమును జాతీయ జలమార్గముగా ప్రకటించినారు. ప్రకటనతోనే నీరు లోతు కాదు.

“పడవ తిరగని కాలువ పూడక మానదు అనేవారు తాతయ్య,” అని మిత్రులు ముగించినారు. “ఆయన పడవ పాట ఒక్కటి కూడా నేను నేర్చుకోలేదు.”

నదిని ప్రకృతి ఇచ్చినది. కాలువ అట్లు కాదు. ఒక తరము త్రవ్వినదానిని ప్రతి తరమును మరల త్రవ్వుకొనవలెను. కరువులో మన్నెత్తినవారిలో మోజెస్ గ్రాండీ వలె తన కథను అచ్చువేయించినవాని పేరు మేము వినలేదు. కాని ఆ కాలువపై పడవలెక్కినవారు, గట్టువెంట త్రాడుతో పడవలు లాగినవారు, లాకుల వద్ద రాత్రులు గడిపినవారు మన తీరపు గ్రామములలో ఇంకను ఉన్నారు. వారి వయస్సు డెబ్బది దాటినది. మీ ఇంట అట్టి పెద్దలున్నచో, ఈ శరత్తులో ఒక సాయంకాలము వారి ప్రక్కన కూర్చుండి అడుగుడు. చెప్పినది వ్రాసి ఉంచుడు.