చరిత్ర క్లాసులో లాయక్ అలీ, మున్షీ, ఒక రైతు



మన కిష్టారెడ్డిపేట నుంచి కాలేజీకి వెళ్లే పిల్లల్ని హైదరాబాద్ సంస్థానం గురించి అడగండి. తేదీలు చెబుతారు. 1947 నవంబరులో నిజాంకూ భారత ప్రభుత్వానికీ మధ్య యథాతథ ఒప్పందం, 1948 సెప్టెంబరులో భారత సైన్యం చేసిన పోలీసు చర్య. మరి ఆ మధ్య నెలల్లో మనుషులు ఏమనుకున్నారు?

అది తెలియాలంటే విద్యార్థులు ఆ మనుషుల పాత్రల్లోకి దిగాలి. అమెరికాలో బర్నార్డ్ కాలేజీ ఆచార్యుడు మార్క్ కార్న్స్ 1990లలో ఇలాగే చరిత్ర చెప్పడం మొదలుపెట్టారు.

అదే పద్ధతిలో మన క్లాసులో ఒకరు నిజాం ప్రధాని లాయక్ అలీ. ఒకరు భారత ప్రతినిధి కె.ఎం. మున్షీ. ఇంకొకరు వెట్టిచాకిరీ చేసే రైతు. ముగ్గురూ వాదించాలి. వాదించాలంటే ముందు చదవాలి. లాయక్ అలీ తన పుస్తకం రాశారు, మున్షీ తనది రాశారు. ఒకే ఏడాది గురించి రెండు కథలు. రైతు మాత్రం ఏమీ రాసిపెట్టలేదు. అతని మాట కోసం ఊళ్లో పెద్దల్ని అడగాలి, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో వెతకాలి. నా దృష్టిలో అసలు చదువు అదే.

ఇది నాటకం కాదండీ. బట్టీ పట్టే డైలాగులు ఉండవు. అప్పటి హత్యల్ని, దాడుల్ని మాత్రం నటించవద్దు. ఆ గాయాలు కొన్ని కుటుంబాల్లో ఇంకా పచ్చిగానే ఉన్నాయి. చివర్లో పాత్ర వదిలి, నిజంగా ఏం జరిగిందో తప్పక చర్చించాలి.

అధ్యాపక మిత్రులారా, ఈ సెమిస్టర్‌లో ఒక్క పాఠమైనా ఇలా చెప్పి చూడండి.