సైనికుడి చొక్కా కాగితమైంది



యుద్ధానికి వెళ్లిన మనిషి ఇంటికొస్తాడు. ఒంటి మీద గాయం మానుతుంది. మరి మనసులో గాయం? నిద్ర పట్టదు. నోరు విప్పడు. ఆలుబిడ్డలు కూడా నలిగిపోతారు.

అమెరికాలో డ్రూ కామెరాన్ అనే ఆయన ఇరాక్ యుద్ధంలో పనిచేసి వచ్చాడు. 2007లో మరో కళాకారుడితో కలిసి, మాజీ సైనికులకు కాగితం తయారీ నేర్పడం మొదలుపెట్టాడు. దేనితో? వాళ్లు తొడిగిన యూనిఫాంతోనే!

యూనిఫాంలో నూలు ఉంటుంది. దాన్ని చిన్న ముక్కలుగా కత్తిరిస్తారు. నీళ్లు పోసి మిషన్‌లో నలగ్గొడతారు. గుడ్డ గుజ్జవుతుంది. జల్లెడలాంటి చట్రంతో ఆ గుజ్జును పలచగా పైకి తీస్తారు. నీరు కారిపోతుంది. అదిమి, ఆరబెడితే కాగితం! దాని మీద తమ కథ రాసుకుంటారు. బొమ్మలు వేస్తారు.

తర్వాత న్యూజెర్సీ రాష్ట్రంలోనూ ఈ పని ఉచితంగా నేర్పారు.

ఇందులో మేలేమిటి? నలుగురూ కూర్చుని గుడ్డ కత్తిరిస్తుంటే మాట దానంతటదే వస్తుంది. బాధంతా పోతుందని కాదు. డాక్టరు చేసే వైద్యం డాక్టరే చేయాలి. కానీ గుండె బరువు కొంత దిగుతుంది.

మన ఊళ్లోనూ మిలటరీ నుంచి వచ్చినవాళ్లు ఉంటారు. వాళ్లింటి ఆడవాళ్లను పలకరించండి. పలక, బలపం పట్టిన చోటే వాళ్లకూ కాస్త చోటివ్వండి.