ఒక యంత్రమున వేఱొక యంత్రము

(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



ఈ మహాసభయందు విద్యానిధినిగూర్చియు, విద్యార్థి వసతిగృహములనుగూర్చియు, వివాహవ్యయములను తగ్గించుటనుగూర్చియు పెద్దలు ప్రసంగించియున్నారు. మాకు నిర్ణయింపబడిన విషయము వానితో బోల్చినచో మిగుల చిన్నదిగా దోపవచ్చును. ఒక కంప్యూటరునందు దానికున్న ఆపరేటింగు సిస్టమును దీసివేయకయే వేఱొక ఆపరేటింగు సిస్టమును నడుపుట యెట్లు, దానివలన మన సంఘమునకు బ్రయోజనమేమి యనునదియే మా విషయము. మన పూర్వసంచికలు, వసతిగృహముల లెక్కలు, దాతల పట్టికలు, వంశవృక్షములు గడచిన ముప్పది యేండ్లుగా కాగితముమీదికంటె కంప్యూటరులందే యెక్కువగా జేరియున్నవి. అవి చదువ వీలుకాక పోయినచో మన సంఘముయొక్క జ్ఞాపకమే పోవును. కావున కొంచె మోపికతో నాలకింపుడని ప్రార్థించుచున్నారము.

మొదట ఆపరేటింగు సిస్టమనగా నేమో చెప్పవలసియున్నది. మీట నొక్కగానే యక్షరము తెరపై గానరావలెనన్నను, వ్రాసినది లోపల భద్రపడవలెనన్నను, అచ్చుయంత్రమునకు బోవలెనన్నను, ఈ పనులన్నింటిని నడపించు పెత్తనదారు డొకడు కావలయును. ఆ పెత్తనము చేయునదియే ఆపరేటింగు సిస్టము. మనవారి యిండ్లలో నెక్కువగా నున్నది విండోసు. లినక్సు, మాక్ మొదలగునవి యితరములు. ఒకదానికొఱకు వ్రాయబడిన ప్రోగ్రాము మఱొకదానియందు సామాన్యముగా నడువదు. ఒక్క విండోసులోనే పాతదానికొఱకు వ్రాసినది క్రొత్తదానియందు తఱచుగా మొరాయించును. 16 బిట్ల కాలపు ప్రోగ్రాములు నేటి 64 బిట్ల విండోసునందు నడువనే నడువవు. పాత కీబోర్డు ప్రోగ్రాములకును, ప్రోగ్రామునకు తాళముగా నిచ్చిన చిన్న పరికరములకును వలయు డ్రైవరులు క్రొత్తవానికి లభింపకపోవుటయు గలదు.

దీనివలన మనకు గలిగిన చిక్కు నాలోచింపుడు. 1990 తరువాతి కాలమున సీసపుటక్షరముల కూర్పు క్రమముగా నంతరించి, డి.టి.పి. యను కంప్యూటరు కూర్పు తెలుగుదేశమంతట వ్యాపించెను. తిరుపతిలో నేమి, చిత్తూరులో నేమి, శుభలేఖ మొదలు వార్షిక సంచికవఱకు పేజ్‌మేకరునందు ‘అను’ మొదలగు ఫాంటులతో గూర్చుట వాడుకయ్యెను. ఆ పేజ్‌మేకరు 1985లో ఆల్డస్ సంస్థవలన వెలువడి, 1994లో అడోబీ సంస్థకు జేరి, 2001లో వచ్చిన 7.0తో నిలిచిపోయెను. ఆ ఫాంటులం దక్షరము తెలుగక్షరముగా నిలువజేయబడలేదు. ఇంగ్లీషు అక్షరములకును గుర్తులకును గల సంఖ్యలకే తెలుగు రూపులు తొడుగబడెను. ఫాంటున్నంతవఱకు కంటికి తెలుగే. ఫాంటు లేనిచో నర్థములేని ఇంగ్లీషు గుర్తుల గుంపు మాత్రము మిగులును. 1991లో యూనికోడు తెలుగున కంతటికిని 128 స్థానములుగల ప్రత్యేక పట్టిక నిచ్చెను. 2001లో వచ్చిన విండోసు ఎక్స్.పి. గౌతమి యను యూనికోడు ఫాంటుతోనే వెలువడెను. అయినను అచ్చుపనియందు పాత ఫాంటులే చిరకాలము సాగెను. ఆ ఎక్స్.పి.కి సయితము 2014 ఏప్రిల్ 8తో మైక్రోసాఫ్ట్ వారి పోషణ ముగిసెను. ఇప్పుడు మన బీరువాలలో సీడీ లున్నవి, ఫ్లాపీ లున్నవి. వానిని దెఱచి చదువగల కంప్యూటరు మాత్ర మొక్కొక్కటిగా చెడిపోవుచున్నది.

తిరుమలయందలి సంకీర్తన భండారమును స్మరింపుడు. అన్నమాచార్యులవారు 1503లో పరమపదించిరి. ఆయన సంకీర్తనములు రాగిరేకులపై జెక్కబడి భండారమున జేరెను. శతాబ్దములు గడచినపిమ్మట, ఇరువదవ శతాబ్దమున, పండితు లా రేకులను జదివి ప్రకటించిరి. రేకును జదువుటకు కన్నులును, లిపిజ్ఞానమును జాలును. కంప్యూటరు ఫైలున కవి చాలవు. దానిని వ్రాసిన ప్రోగ్రాము, దాని ఫాంటు, ఆ రెంటిని నడుపు ఆపరేటింగు సిస్టము, అంతయు నొక్కచోట గూడిననే గాని యది నోరు విప్పదు. అయిదువందల యేండ్లనాటి రాగిరేకును జదువగలిగి, ఇరువది యేండ్లనాటి మన సంచికను జదువలేకపోవుట శోచనీయము గాదా?

ఈ చిక్కునకు విఱుగుడే వర్చ్యువలైజేషను. అనగా నొక కంప్యూటరులోపల, నిజముగా లేకయే యున్నట్లు ప్రవర్తించు మఱొక కంప్యూటరును సృష్టించుట. దీనిని కల్పితయంత్రమని యందము.

తిరుపతియందు ఆయా కులములవారు తమ యాత్రికులకొఱకు గట్టించిన సత్రములను మన మందఱ మెఱుగుదుము. సత్రము కట్టడ మొక్కటియే. నీరొక్కటియే, దీపముల తీగ యొక్కటియే. గదు లనేకములు. ఒక గదియందు చిత్తూరువారు దిగియుందురు, ప్రక్కగదియందు వేలూరువారు దిగియుందురు. ఎవరి వంట వారిది, ఎవరి మాట వారిది. తలుపు వేసికొనినంతట నెవరి గది వారి కిల్లే. ఏ గది యెవరికీయవలయునో, నీరెంత విడువవలయునో చూచువాడు సత్రపు గుమాస్తా. కంప్యూటరు ఆ సత్రము. లోపల దిగిన ఆపరేటింగు సిస్టములు యాత్రికులు. గుమాస్తా స్థానమున నుండు ప్రోగ్రామునకు హైపర్‌వైజరని పేరు. లోపలి సిస్టము తానొక పూర్తి కంప్యూటరునే యేలుచున్నట్లు వర్తించును. దానికి గనబడు డిస్కు నిజముగా బయటి డిస్కులోని యొక పెద్ద ఫైలు. దాని ర్యాము బయటి ర్యాములో నొక భాగము. అక్కడ 2003వ సంవత్సరపు విండోసును నిలిపినచో, 2003లో వలెనే పేజ్‌మేకరు దెఱచుకొనును, పాత ఫాంటులు పలుకును.

ఇది నిన్నమొన్నటి వింత గాదు. పెద్ద కంప్యూటరులు మిక్కిలి ప్రియముగా నున్న కాలమున, ఒక్క యంత్రమునే పలువురకు బంచుటకై ఐ.బి.ఎం. సంస్థవారు అమెరికాలోని కేంబ్రిడ్జియందు సి.పి.-40 అను పద్ధతిని నిర్మించి 1967లో వాడుకలోనికి దెచ్చిరి. 1972లో వి.ఎం./370 అను పేర దానిని లోకమునకు ప్రకటించిరి. 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ అను శాస్త్రజ్ఞులు దీనికి మూడు లక్షణములు నిర్ణయించిరి: లోపల నడచు ప్రోగ్రాము నిజయంత్రమున నడచినట్లే నడువవలయును, వనరులన్నియు గుమాస్తా యధీనమున నుండవలయును, అధికభాగము పని నేరుగా నిజయంత్రముచేతనే జరిగి వేగము తగ్గకుండవలయును. 1999లో వి.ఎం.వేర్ సంస్థ యీ సౌకర్యమును బల్లమీది సామాన్యపు కంప్యూటరులకు దెచ్చెను. 2005, 2006లలో ఇంటెల్, ఏ.ఎం.డి. సంస్థలు ప్రాసెసరులందే దీనికి దగిన యేర్పాటు గావించెను. 2007లో కె.వి.ఎం. లినక్సునందు జేరెను, ఆ యేడే వర్చ్యువల్‌బాక్సు వెలువడెను. ఈ రెండును వెలలేకయే లభించును. నేడు మన రైలు టిక్కెట్టు మొదలు బ్యాంకు లెక్కవఱకు నడపు సర్వరు లనేకము లీ కల్పితయంత్రములతోనే నిండియున్నవి.

ఇక విధానము. మన వసతిగృహములందలి కంప్యూటరులలో 2018కి ముందు గొన్నవానిలో ననేకము విండోసు 11నకు దగవు. విండోసు 10నకు 2025 అక్టోబరు 14తో సామాన్యపోషణ ముగిసెను. అట్టివానిని పాతయినుపకొట్టున కమ్మివేయ నక్కఱలేదు. వానియందు లినక్సును నిలిపినచో భద్రతా సవరణలు వెలలేక యందుచుండును. ఆ లినక్సులోపల వర్చ్యువల్‌బాక్సు నుంచి, దానియందు పాత విండోసును నిలుపవచ్చును. 8 గిగాబైట్ల ర్యాముగల యంత్రమున లోపలిదాని కొక గిగాబైటు, డిస్కులో 20 గిగాబైట్లు చాలును. ఎక్స్.పి. కోరిన కనీసపు ర్యాము 64 మెగాబైట్లే. కంప్యూటరు ప్రారంభమున గనబడు బయోసు పట్టికలో వర్చ్యువలైజేషనను నంశము మూయబడియున్నచో దానిని దెఱువవలయును. పిమ్మట క్రొత్త యంత్రము సృష్టింపుమని యాజ్ఞాపించి, ఆపరేటింగు సిస్టము ప్రతిని జూపినచో, నిజమైన కంప్యూటరునందు వలెనే యది లోపల నెలకొనును. రెంటికిని సామాన్యముగా నొక ఫోల్డరు నేర్పఱచినచో ఫైలులు లోపలికిని వెలుపలికిని బోవుచు వచ్చుచు నుండును.

జాగ్రత్తలు నాలుగు. మొదటిది, పోషణలేని పాత విండోసునకు ఇంటర్నెట్టు తగిలింపరాదు. లోపలి యంత్రపు నెట్వర్కును మూసివేయవలయును. రెండవది, లోపల నుంచు విండోసునకును ప్రోగ్రామునకును దగిన యనుమతి మన కుండవలయును. పూర్వము కంప్యూటరుతో గలిపి కొనిన ప్రతి, ఆ కంప్యూటరుతోనే వాడవలయునను నిబంధనతో వచ్చియుండవచ్చును. దానిని జదివి నడచుకొనవలయును. మూడవది, 2020 చివరనుండి వచ్చిన ఆపిల్ వారి ఎం-జాతి ప్రాసెసరుల భాష వేఱు; పాత విండోసు వానియం దీ పద్ధతిని నేరుగా నడువదు, ప్రాసెసరును సయితము అనుకరించు నెమ్మదిపద్ధతి కావలయును. నాల్గవది, పని మొదలిడుటకు ముందు స్నాప్‌షాటు దీసికొనవలయును. అనగా లోపలి యంత్రము ఆ క్షణమున నున్న స్థితిని భద్రపఱచుట. ఏమి చెడినను ఆ స్థితికి మరల రావచ్చును. అయినను స్నాప్‌షాటు వేఱొక డిస్కునందలి ప్రతికి సాటి గాదు. యంత్రపు డిస్కే పోయినచో నదియు బోవును.

ఇంత శ్రమ యేల, అచ్చయిన ప్రతి యుండగా నని కొందఱందురు. అచ్చుప్రతి యున్నచోట సంతోషమే. దానిని స్కాను చేయింపవలయును. కాని దాతల పట్టికలు, ఉపకారవేతనము లందుకొన్న బాలబాలికల పేళ్లు, వసతిగృహపు స్థలమును ఏ షరతుతో నిచ్చిరో తెలుపు నుత్తరముల చిత్తుప్రతులు అచ్చుకెక్కినవి గావు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేఱుపడిన పిమ్మట పూర్వపు చిత్తూరు జిల్లాకు సంబంధించిన లెక్క లెవరియొద్ద నున్నవో వెదకవలసిన యవసరము కలిగినది. స్థలమునుగూర్చి రేపొక వివాదము పుట్టినచో ఫైలు కలదని చెప్పుట చాలదు, దెఱచి చూపవలయును.

పాత ప్రోగ్రాము దెఱచుటతో పని ముగియదు. లోపలి యంత్రమునుండి ప్రతి సంచికను పి.డి.ఎఫ్.గా నొకమాఱును, మాటలను యూనికోడులోనికి మార్చి యొకమాఱును వెలికిదీయవలయును. మార్చుటకు సాధనములు గలవు. అయినను వత్తులును, సంయుక్తాక్షరములును తాఱుమాఱగు చోట్లు గలవు గనుక, తెలుగు బాగుగా నెఱిగినవా రొక్కొక్క పుటను సరిచూడక తప్పదు. ముఖ్యముగా నింటిపేళ్లయందును, గ్రామనామములయందును ఒక్క యక్షరము తప్పినను వంశమే మాఱును.

ఈ పనికి దగినవారు మన వసతిగృహపు విద్యార్థులు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము 1954లో, పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయము 1983లో, ఐ.ఐ.టి. 2015లో తిరుపతియందు వెలసినవి. అందు జేరిన మన పిల్లలలో రెండవ కంప్యూటరు గొనగలవారు కొందఱే. కల్పితయంత్రమున్నచో నొక్క కంప్యూటరుననే లినక్సు నేర్వవచ్చును, చెఱిపి మరల నిలుపవచ్చును, భయములేక తప్పులు చేయవచ్చును. సీ-డాక్ వారి బాస్ లినక్సు మన దేశభాషలకొఱకు నిర్మింపబడినది. తెలుగు లినక్సుకై స్వేచ్ఛ సంస్థవారు కృషిచేసిరి. మనవా రిందు జేయిపెట్టినచో విద్యయు నబ్బును, సంఘసేవయు జరుగును.

కావున మహాసభవారి యెదుట మూడు విన్నపములు. ఒకటి: ప్రతి తాలూకా శాఖవారును తమయొద్దనున్న ఫ్లాపీలను, సీడీలను, పాత డిస్కులను రాబోవు మహాసభకు ముందుగా నొక్కచోట జేర్చవలయును, అయస్కాంతపు బిళ్లలు మన తీరికకై కాచుకొనియుండవు. రెండు: తిరుపతి వసతిగృహమున నొక కంప్యూటరు నీ పనికే ప్రత్యేకించి, వేసవి సెలవులలో విద్యార్థులకు వేతనమిచ్చి పని చేయింపవలయును. మూడు: వెలువడిన యూనికోడు ప్రతులను మూడు వేఱ్వేఱు చోట్ల నుంచి, ఒక ప్రతిని కాగితముపై నచ్చొత్తించి గ్రంథాలయమున కర్పింపవలయును.

మన పెద్దలు సత్రములు గట్టించినపుడు తాము చూడని యాత్రికుల సౌఖ్యము నుద్దేశించిరి. ఆ పెద్దల పేళ్లే నేడు చదువనేరని ఫైలులలో దాగియున్నవి. వానికొక గది మాత్రము చాలును. ఆ గదిని మన కంప్యూటరునందే కట్టి యీయగలము.